లంబసింగిలో పాలపుంత ఫ్లెక్సీ మీదే కనపడింది

ముందే చెప్పేస్తున్నా, ఇది టెంటు వాడి మీద కోపంతో రాస్తున్నది. లంబసింగి దగ్గర 'స్టార్ గేజింగ్ క్యాంప్' అని బోర్డు పెట్టి, టెంటుకి 1,800 చొప్పున రెండింటికి 3,600 పుచ్చుకుని, రాత్రంతా మమ్మల్ని హాలోజన్ లైట్ల కింద కూర్చోబెట్టాడు. మర్నాడు రాత్రి 700 రూపాయల గదిలో దిగితే ఆ ఇంటాయన స్టూలెక్కి మరీ బల్బు ఊడదీశాడు. ఈ రెండు రాత్రుల మధ్య ఉన్న తేడా తప్ప ఈ యాత్రలో పెద్దగా చెప్పుకునేదేం లేదు.

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. మేడ మీద ఆరంగుళాల టెలిస్కోపు ఒకటి ఉంది, డాబ్సోనియన్ అంటారు, చెక్కపెట్టె మీద కూర్చోబెట్టిన ఫిరంగిలా ఉంటుంది. దాంతో మా మేడ మీంచి చంద్రుణ్ణి, గురుగ్రహాన్ని చూడొచ్చు, ఆపైన ఆశ పెట్టుకోకూడదు. అటు హార్బరు వెలుగు, ఇటు బీచ్ రోడ్డు, సముద్రం వైపైనా చీకటిగా ఉంటుందా అంటే లంగరేసిన ఓడల లైట్లు. ఇదే ఊళ్లో 1840 ప్రాంతంలో గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టుకున్నారు, ఆ తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని ఇక్కణ్ణుంచే పరిశీలించారు. ఇప్పుడు డాబాగార్డెన్స్‌లో నిలబడి తలెత్తితే కనపడేవి షాపుల బోర్డులే.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మెస్యే జాబితా మొత్తం ఒక్క రాత్రిలో చూసెయ్యాలని దాని పంతం. ఛార్లెస్ మెస్యే అని ఫ్రాన్సు ఆయన, పారిస్‌లో కూర్చుని తోకచుక్కలు వెతికేవాడు. 1758లో ఒక తోకచుక్కని చూస్తుంటే వృషభరాశిలో ఇంకో మసక మచ్చ తగిలింది, తీరా చూస్తే అది కదలదు. ఇలాంటివి మళ్లీ మళ్లీ తగిలి టైము తినేస్తుంటే విసుగెత్తి, ఇవి తోకచుక్కలు కావు, వీటితో మోసపోకండి అని లిస్టు రాయడం మొదలెట్టాడు. 1774లో అచ్చయినప్పుడు 45, 1781 నాటికి 103, తర్వాతివాళ్లు కలిపినవాటితో 110. అంటే నక్షత్రాల గుంపులు, నెబ్యులాలు (వాయువు, ధూళి మబ్బులు), గెలాక్సీల తొలి మంచి పట్టిక అని ఇవాళ మనం మెచ్చుకుంటున్నది నిజానికి మోసపోయిన మనిషి రాసుకున్న చిట్టా. నాకు ఆయనంటే అభిమానం పెరిగింది ఈ ట్రిప్పు తర్వాతే.

ఆ 110లో దాదాపు అన్నీ ఒకే రాత్రి దొరికే రోజులు మార్చి నెలలో అమావాస్య దగ్గర వస్తాయి. ఈసారి అది 2025 మార్చి 29, శనివారం, మనకి కొత్త అమావాస్య. మర్నాడు ఉగాది. ఇంట్లో ఈ మాట చెప్పగానే ఏమైందో రాయక్కర్లేదు. "పండగ పూట తండ్రీకూతుళ్లు చెట్లెంట పడతారా" అని మా ఆవిడ, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండాలన్న షరతు మీద వదిలింది. తోడుగా వాళ్ల తమ్ముణ్ణి కూడా పంపింది, డ్రైవింగుకి. వాడు ఒప్పుకున్నది బొంగులో చికెన్ కోసం.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాం. అనకాపల్లిలో నూకాలమ్మ జాతర జనం, ఊరు దాటడానికే ముప్పావు గంట పట్టింది. నర్సీపట్నంలో టీలు, 2,000 రూపాయల పెట్రోలు. ఘాట్ ఎక్కి చేరేసరికి పొద్దుపోయింది.

ఇంక క్యాంపు. గేటు దగ్గర పన్నెండడుగుల ఫ్లెక్సీ, దాని నిండా పాలపుంత ఫోటో, కింద ఒక అబ్బాయి ఆకాశం వైపు చెయ్యి చాపి నిలబడ్డట్టు. ఆ ఫ్లెక్సీ రాత్రిపూట కనపడాలి కదా, అందుకని దాని మీదికి రెండు హాలోజన్ లైట్లు. మా టెంట్లకి సరిగ్గా పదిహేనడుగుల దూరం. సిల్వర్ ఓక్ చెట్లకి మొదలు నుంచి కొమ్మల దాకా సీరియల్ బల్బులు, పెళ్లివారిల్లులా. బాత్రూముల దగ్గర ఇంకో తెల్ల లైటు, అది ఎంత తెల్లగా ఉందంటే దాని కింద నిలబడి మా అమ్మాయి తన నోట్సులో పెన్సిలు రాతలు కళ్లజోడు తీసేసి చదివింది. ఎనిమిదింటికి స్పీకర్లు మొదలయ్యాయి.

నేను మర్యాదగానే అడిగాను. ఫోన్లో అడ్వాన్సు 2,000 వేసేటప్పుడు "చీకటిగా ఉంటుందా బాబూ" అని అడిగానని, "ఫుల్ డార్క్ సార్" అన్నావని గుర్తుచేశాను. మేనేజరు పాతికేళ్ల కుర్రాడు, చెడ్డవాడేం కాదు, నవ్వుతూనే ఉన్నాడు. "లైట్లు తీసేస్తే కస్టమర్లు భయపడతారు సార్" అన్నాడు. కనీసం ఫ్లెక్సీ లైట్లయినా ఆపమన్నాను. "అది ఆపితే క్యాంపు ఎక్కడుందో తెలీదు సార్, ఇంకా కార్లొస్తున్నాయి." డబ్బులు వెనక్కిమ్మన్నాను. ఓనర్‌తో మాట్లాడతానని పక్కకెళ్లి ఓ పావుగంట తర్వాత వచ్చి, "పొద్దున్న మీ ముగ్గురికీ ఆమ్లెట్ ఫ్రీ అన్నారు సార్" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మా బావమరిది మాత్రం "డబుల్ ఆమ్లెట్ చెయ్యమను బావా" అన్నాడు.

క్యాంప్‌ఫైర్‌కి విడిగా 500, బొంగులో చికెన్ కిలో 900. చికెన్ బావుంది, కాదనను. బావమరిది అప్పటికే గాజువాక కుర్రాళ్లెవరితోనో కలిసి డాన్సులో ఉన్నాడు. నేనూ అమ్మాయీ టెంటు వెనక, దుప్పటి తల మీద కప్పుకుని, వీలైనంత చూశాం. కృత్తికలు, ఓరియన్ నెబ్యులా, పుష్యమి చుక్కల మధ్య ఉండే తేనెపట్టు గుంపు, ఇలా బైనాక్యులర్స్‌తో కూడా దొరికేవే, మొత్తం పదకొండు. ఒంటిగంటకి పాటలు ఆగాయి, లైట్లు ఆగలేదు. అమ్మాయి టార్చి వెలుగులో (పుస్తకాల షాపులో 5 రూపాయలకి కొన్న ఎర్ర జిలెటిన్ కాగితం చుట్టిన టార్చి, తెల్ల వెలుగు కంట్లో పడితే చీకటికి అలవాటు పడ్డానికి మళ్లీ అరగంట పడుతుంది) ఏదో రాసుకుంటోంది. చూస్తే 110 తర్వాత కొత్తగా 111 వేసి, 'ఫ్లెక్సీ. కాంతి: చాలా ఎక్కువ. దూరం: 15 అడుగులు. తోకచుక్క కాదు' అని రాసింది.

శనివారం పగలు సాఫీగా గడిచింది. చింతపల్లి మీదుగా వెళ్తూ కొత్తపల్లి జలపాతంలో బావమరిది స్నానం, దారిలో ఇడ్లీలు, అంతే.

ఆ రాత్రి దిగిన ఊరి పేరు రాయను. పాడేరు వెళ్లే దారిలో, మెయిన్ రోడ్డు దిగి లోపలికి వెళ్తే ఓ పాతిక ఇళ్లు, కాఫీ తోట. పేరు రాస్తే వచ్చే ఏడాదికి అక్కడా ఫ్లెక్సీ లేస్తుంది. తెలిసినవాళ్ల ద్వారా మాట్లాడుకున్న గది, 700, భోజనం మనిషికి 120. రాగి సంకటి, నాటుకోడి పులుసు, చింతపండు పచ్చడి, పక్కన మజ్జిగ. పచ్చడిలో ఏం వేశారో గానీ మా అమ్మాయి ఇంట్లో సంకటి మొహం చూడదు, ఇక్కడ రెండోసారి పెట్టించుకుంది.

టెలిస్కోపు దించుతుంటే ఇంటాయన వచ్చి నిలబడ్డాడు. ఏం చూస్తారు బాబూ అన్నాడు. చుక్కలు అన్నాను. ఒక్కసారి ఆకాశం వైపు, ఒకసారి తన వరండా బల్బు వైపు చూసి, "ఇది అడ్డు కదా" అన్నాడు. నేనింకా నోరు తెరవలేదు. స్టూలు తెచ్చుకుని బల్బు తువ్వాలుతో పట్టుకుని ఊడదీసి అరుగు మీద పెట్టాడు. స్విచ్ ఆపితే సరిపోదా అంటే, పిల్లలు మర్చిపోయి వేసేస్తారన్నాడు. తర్వాత ఒక పొడుగు వెదురుకర్ర తీసుకుని వీధి స్తంభానికున్న స్విచ్ కూడా కిందకి కొట్టాడు. వెళ్లి పక్కింటివాళ్లకి ఏదో చెప్పొచ్చాడు, వాళ్ల తలుపూ మూసుకుంది. రెండు వేలు అడ్వాన్సు తీసుకున్నవాడికి తట్టని సంగతి ఇది.

పది నిమిషాలు పోయాక తలెత్తితే నాకు గుర్తున్న రాశులే తెలియలేదు, అన్ని చుక్కలు.

నెలాఖరు కావడంతో మొదటి దెబ్బ సాయంత్రమే తగిలింది. ఎం 74 (ఎం అంటే మెస్యే, పక్కనున్నది ఆయన జాబితాలో నంబరు) సంధ్యవెలుగులోనే దిగిపోయింది, ఆండ్రోమెడా గెలాక్సీ ఎం 31 కొండ చాటుకి పోయింది. మార్చి మధ్యలో అమావాస్య పడే ఏడాదైతే ఇవి కూడా దొరికే ఛాన్సుంది, మీరు వెళ్లాలనుకుంటే పంచాంగం చూసుకుని వెళ్లండి. తర్వాత నుంచి వరస కుదిరింది. అదే మెస్యేని మొదట మోసం చేసిన ఎం 1, క్రాబ్ నెబ్యులా, 1054లో చైనావాళ్లు పగలు కూడా చూశామని రాసిపెట్టిన పేలుడు తాలూకు మిగులు. అమ్మాయి చాలాసేపు చూసి 'నీళ్లలో ఒక్క పాలచుక్క వేసినట్టు' అని రాసుకుంది. ఫోటోల్లో ఉండే రంగులు కంటికి కనపడవు, అవి చూస్తామని వెళ్తే నిరాశే.

అర్ధరాత్రి కన్యారాశి గెలాక్సీల గుంపు నడినెత్తికి వచ్చింది, అసలు నరకం అక్కడే. ఈ చెక్కపెట్టె టెలిస్కోపు సరిగ్గా నిట్టనిలువుగా ఉన్నప్పుడు పక్కకి తిప్పడానికి పట్టు దొరకదు, వేలెడంత జరగాలంటే పెట్టె మొత్తం గిర్రున తిరుగుతుంది. ఎం 84, ఎం 86 దొరికి, ఎం 87 దగ్గర దారి తప్పి, మళ్లీ మొదటికి వచ్చి, ఒక గంటన్నా పోయింది. ఆ ఎం 87 నడిబొడ్డున ఉన్న బ్లాక్‌హోల్‌దే 2019లో ప్రపంచమంతా చూసిన మొదటి ఫోటో. అక్కణ్ణుంచి ఈ వెలుగు బయల్దేరి 5 కోట్ల సంవత్సరాల పైనే అయింది. మేం కన్ను పెట్టి చూసే ఐపీస్‌లో మాత్రం అద్దం మీద ఆవిరి మరకలా ఉంది.

బావమరిది పదింటికే అలిగి కారులో పడుకున్నాడు. సిగ్నల్ లేదు, పాటల్లేవు, ఎవరూ మాట్లాడరు. ఒంటిగంటకి అమ్మాయి వెళ్లి అద్దం మీద కొట్టింది, "మావయ్యా, ఇదొక్కటీ చూసి పడుకో." అది మెస్యే జాబితాలో లేనిది, ఒమేగా సెంటారి. పారిస్ నుంచి అది ఎప్పుడూ దిగంతం పైకి రాదు కాబట్టి పాపం ఆయన చూడనేలేదు. మనకి దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. మామూలు కంటికి మసక చుక్క, 1677లో సెయింట్ హెలీనా దీవి నుంచి చూసిన ఇంగ్లండు ఖగోళవేత్త హేలీ ఇది మామూలు చుక్క కాదని రాశాడు. దాదాపు కోటి నక్షత్రాల ముద్ద. వాడు ఆవలిస్తూ వంగి కన్ను పెట్టాడు. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. "ఏరా, నిద్రపోయావా" అంటే, "రవ్వ ఒలికిపోయినట్టుంది బావా" అన్నాడు మెల్లిగా. ఆ తర్వాత మళ్లీ కారెక్కలేదు. మూడింటికి జ్యేష్ఠ పక్కనున్న ఎం 4 తనే వెతికి పట్టాడు, పట్టి దాని పేరు అడిగాడు.

నాలుగు దాటేసరికి ధనుస్సు వైపు పాలపుంత బాగా పైకొచ్చింది. ఎం 6, ఎం 7, ఎం 8, చేత్తో ఏరుకున్నట్టు దొరుకుతున్నాయి. అప్పుడే దిగువ నుంచి టార్చిలు, ఓ ఆరేడు. ఇప్పపువ్వు ఏరడానికి వెళ్తున్నారు, తెల్లారకముందే వెళ్లాలి కదా. మాకు లైట్లు పడుతున్నాయని మా ఇంటాయన కంగారుగా ఏదో అనబోయాడు, నేనే వద్దన్నాను. అమ్మాయి టెలిస్కోపు మూతికి తువ్వాలు కప్పి కూర్చుంది. ఇద్దరు ఆడవాళ్లు ఆగి ఎం 7 చూసి, బుట్టలు సర్దుకుని వెళ్లిపోయారు. చివరిదైన ఎం 30 తెల్లవారు వెలుగులో కలిసిపోయింది. మొత్తం 74.

పొద్దున్న గది, ముగ్గురి భోజనాలు కలిపి 1,060 అయితే 1,500 ఇచ్చాను. చిల్లర వెతకబోతే ఉంచమన్నాను, ఒక కాఫీ పొడి పొట్లం చేతిలో పెట్టాడు.

వెళ్లేవాళ్లకి ఒకటే మాట. డిసెంబరు, జనవరి లంబసింగి మంచుకి బావుంటుంది, చుక్కలకి కాదు, ఆ పొగమంచులో పక్కవాడే కనపడడు. ఇంక బుక్ చేసేటప్పుడు 'చీకటిగా ఉంటుందా' అని అడగకండి, అందరూ ఉంటుందనే అంటారు. 'లైట్లు ఏ టైముకి ఆపుతారు, ఎవరు ఆపుతారు' అని అడగండి. అవతలివాడు నసిగాడంటే అడ్వాన్సు వెయ్యొద్దు.

పాడేరు ఘాట్ దిగి, మాడుగులలో హల్వా కొని (అది లేకుండా ఇంటికెళ్లే ధైర్యం లేదు), పన్నెండున్నరకి గుమ్మంలో ఉన్నాం. మా ఆవిడ ఉగాది పచ్చడి గిన్నె అందించి, ముందు తమ్ముణ్ణి అడిగింది ఎలా ఉందని. వాడు చుక్కల గురించి పావుగంట చెప్పాడు, ఆమ్లెట్ మాట ఎత్తలేదు.

సాయంత్రం ఫోన్‌కి మెసేజ్, క్యాంపు వాడి దగ్గర్నుంచి. 'సార్, మా స్టార్ గేజింగ్ నచ్చితే ఫైవ్ స్టార్స్ ఇవ్వండి.' అమ్మాయి చదివి, "మనకి అక్కడ కనపడినవే పదకొండు కదా నాన్నా, అందులో ఐదు వీళ్లకి ఇచ్చేస్తే ఎలా" అంది.