కుళ్లిన స్తంభం: అతుకు వేయాలా, మార్చేయాలా?

చైనా పాత గుళ్లలో పైకప్పు బరువంతా కర్ర చట్రానిదే. చాలాచోట్ల గోడ పడినా గుడి నిలుస్తుంది. అందుకే పునరుద్ధరణలో స్తంభం అడుగే అసలు తగాదా.

కుళ్లు కింది నుంచి స్తంభం ఎత్తులో నాలుగో వంతు దాటకపోతే అతుకే మేలు. దూలాలకు ఊతకర్రలు పెట్టి, కుళ్లిన భాగం కోసేసి, బాగా ఆరిన అదే జాతి కర్రను సగం సగం చెక్కి కలుపుతారు. కలిసే పొడవు స్తంభం వ్యాసానికి తగ్గకూడదు, ఒకటిన్నర రెట్లుంటే నిశ్చింత. ఇనుప పట్టీలను కర్రలోకి దిగేలా బిగిస్తే పైపూత కింద కనబడవు. పీఠం రాయి చుట్టూ సిమెంటు మాత్రం పూయకండి: తేమ లోపలే చిక్కుకుని కొత్త ముక్కా కుళ్లుతుంది.

చెదలు గుండెదాకా డొల్ల చేస్తే మార్చక తప్పదు. పెంకులు దించాలి, చట్రాన్ని జాకీలతో నిదానంగా ఎత్తాలి, కుసులు (తొలిలోకి దూరే కర్ర కొనలు) విరగకుండా విప్పాలి. పచ్చికర్ర వాడితే అది ఎండి కుంచించుకుపోయి కీళ్లు వదులవుతాయి. ఖర్చు సంగతి అటుంచితే, పాత రంగులు, చెక్కడాలు, ఉలి గుర్తులు స్తంభంతోపాటే పోతాయి. సింగపూర్‌లో 1842లో పూర్తయిన థియాన్ హాక్ కెంగ్ లాంటి చైనీయుల గుడికి విలువ వాటిలోనే ఉంది.