పార్కిన్సన్స్ ఉన్న నాన్నగారికి ఇంటివాళ్ల సేవ, బ్యూరో అటెండెంటు: కొన్నేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

మా నాన్నగారికి కదలికలు మందగించి ఒళ్లు బిగుసుకుపోయే పార్కిన్సన్స్ వ్యాధి ఉందని 2016లో తేలింది. మొదటి నాలుగేళ్లు మాత్రలతో, ఉదయపు నడకతో బాగానే గడిచాయి. ఆ తర్వాత మంచం మీద పక్కకు ఒత్తిగిలడం, కుర్చీలోంచి లేవడం, బాత్రూమ్ గడప దాటడం ఒక్కొక్కటిగా ఆయనకు కష్టమైపోయాయి. అప్పటి నుంచి మల్కాజిగిరిలోని మా ఇంట్లో కొంతకాలం నేనూ నా భార్యా మాత్రమే ఆయన్ను చూసుకున్నాం, తర్వాత ఇళ్లకు మనుషుల్ని పంపే నర్సింగ్ బ్యూరో ద్వారా అటెండెంటును పెట్టుకున్నాం, మధ్యలో కొన్ని వారాలు ఒక కేర్ హోమ్‌లో కూడా ఉంచాం. పెద్దవాళ్లను తామే చూసుకోవాలా, మనిషిని పెట్టాలా అని తర్జనభర్జన పడుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఒక్క డ్యూటీకి మాత్రమే డబ్బు సర్దుబాటయ్యే ఇంట్లో పగటి డ్యూటీ కన్నా ముందు రాత్రి డ్యూటీ తీసుకోవాలన్నది ఇన్నేళ్ల తర్వాత నాకు ఏర్పడిన గట్టి అభిప్రాయం.

ఈ వ్యాధి స్వభావమే అలాంటిది. పగలు వేసిన మాత్రల ప్రభావం అర్ధరాత్రికి తగ్గిపోతుంది, ఒళ్లు కర్రలా బిగుసుకుపోతుంది, మనంతట మనం తెలియకుండానే చేసే ఒత్తిగిలడం కూడా మరొకరు చేయించాల్సిన పనవుతుంది. దానికి తోడు రాత్రి పలుమార్లు మూత్రానికి లేవాలి. లేచి నిలబడగానే బీపీ పడిపోయే లక్షణం ఈ రోగుల్లో చాలామందికి ఉంటుంది కాబట్టి, పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ సమయంలోనే. పగలైతే పనిమనిషి ఉంటుంది, పక్క ఫ్లాటువాళ్లు ఉంటారు, పిలిస్తే వాచ్‌మన్ పైకి వస్తాడు. రాత్రి రెండున్నరకు ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఉదయం బడికి వెళ్లి పాఠం చెప్పాల్సిన నా భార్య, బ్యాంకులో లెక్కలు చూడాల్సిన నేను వంతులవారీగా లేచేవాళ్లం. నెలల తరబడి నిద్ర తెగిపోతే మనిషిలో ఓర్పు ఎలా ఇంకిపోతుందో, ప్రేమకూ దానికీ సంబంధం లేదని ఎలా తెలిసొస్తుందో అనుభవించినవాళ్లకే అర్థమవుతుంది.

ఇంటివాళ్ల సేవే ఉత్తమమని తేల్చేసేవాళ్లు రోగి మనసులో ఏముందో అడగరు. నాన్నగారు హైస్కూలు హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. ఆయన సాయంత్రం ఐదు దాటాక నీళ్లు తాగడం మానేశారు. రాత్రి కోడలిని లేపి, ఆమె చేత దుస్తులు మార్పించుకోవడం ఆయనకు భరించలేని విషయం. ఆ సంగతి పైకి చెప్పకుండా దాహం లేదనేవారు. ఈ వ్యాధిలో ఎలాగూ ఉండే మలబద్ధకం దానితో మరింత ముదిరింది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. మగ అటెండెంటు వచ్చిన కొద్ది వారాలకే ఆయన మళ్లీ మామూలుగా నీళ్లు తాగడం మొదలుపెట్టారు. బయటి మనిషి వల్ల మా ఇంటికి కలిగిన మేళ్లలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది దీన్నే.

ఇప్పుడున్న కుర్రవాడు శ్రీకాకుళం జిల్లావాడు. నాన్నగారిని ‘తాతా’ అంటాడు. పక్కకు తిప్పేటప్పుడు చెయ్యి పట్టి లాగడు. ముందు మోకాలు మడిచి, ఒక అరచెయ్యి భుజం వెనక, ఇంకొకటి తుంటి వెనక వేసి, ‘తాతా, అటు చూడు’ అని తల తిరిగాకే ఒళ్లంతా ఒక్కసారిగా తిప్పుతాడు. బాత్రూమ్ గడప దగ్గర నాన్నగారి పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయేవి. ఫిజియోథెరపిస్టు చెప్పింది విని, మంచం నుంచి అక్కడిదాకా అడుగుకొకటి చొప్పున అతను నేల మీద రంగు టేపు ముక్కలు అంటించాడు. నడవమంటే కదలని పాదం గీత దాటమంటే కదులుతుంది. మేమిద్దరం ఎంత ప్రేమగా చేసినా ఈ ఒడుపు మాకు రాలేదు.

అలాగని బ్యూరోల గురించి మంచి మాటలు మాత్రమే చెప్పలేను. ఈ కుర్రవాడికి ముందు చాలామంది మారారు. ఒకరికి నాన్నగారి అలవాట్లు తెలిసేసరికి బ్యూరోవాళ్లు అతన్ని మరో ఇంటికి పంపేవారు, అడిగితే రీప్లేస్‌మెంట్ ఇచ్చాం కదా అనేవారు. ఫోన్‌లో ‘ట్రైన్డ్ నర్స్’ అని చెప్పి పంపేది చాలాసార్లు జీడీఏను, అంటే రోగి ఒంటి పనుల్లో కొన్ని నెలల శిక్షణ పొందిన అటెండెంటును. స్నానం, నడక, డైపర్ మార్చడం వంటి వాటికి జీడీఏ చక్కగా సరిపోతాడు. ఇంజెక్షన్లు, ముక్కు గొట్టం, క్యాథెటర్ అవసరమైనప్పుడు మాత్రం ఏఎన్ఎం లేదా జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు చదివినవారే కావాలని పట్టుబట్టి, సర్టిఫికెట్ చూసి తీసుకోవాలి.

24 గంటల డ్యూటీని నేను సిఫారసు చేయను. 12 గంటల డ్యూటీకి మేము నెలకు ఇరవై వేలకు పైన ఇస్తున్నాం. ఇంకొన్ని వేలు కలిపితే రాత్రీ పగలూ మనిషి దొరుకుతాడు కాబట్టి అదే లాభంగా కనిపిస్తుంది. పగలంతా పని చేసిన మనిషి రాత్రి నిద్రపోక ఏం చేస్తాడు? అప్పుడు మనం కొనుక్కున్నది పగటి డ్యూటీయే. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా మెలకువగా ఉండటమే పనిగా వచ్చేవాడికి పగలు హాయిగా పడుకునే చోటు ఉందో లేదో మనమే కనుక్కోవాలి.

నా భార్యకు ఆపరేషన్ అయినప్పుడు నాన్నగారిని నగర శివార్లలోని ఒక కేర్ హోమ్‌లో ఉంచాం. గదులు శుభ్రంగా ఉన్నాయి, సిబ్బంది మర్యాదగానే ఉన్నారు. కానీ అక్కడ అందరికీ మాత్రలు ఇచ్చేది ఉదయం, మధ్యాహ్నం, రాత్రి భోజనాల వేళకే. పార్కిన్సన్స్‌కు నాన్నగారు వేసుకునే లెవోడోపా మాత్ర ఉదయం ఆరు నుంచి నాలుగేసి గంటలకొకటి చొప్పున, తిండికి అరగంట ముందు పడాలి. వేళ తప్పితే ఆయన మాట కూడా పెగలదు. వారం తిరక్కుండానే కుర్చీలో బిగుసుకుపోయి కనిపించారు. డాక్టరు చీటీ మీద వేళలు రాయించి ఇచ్చాక పద్ధతి మార్చారు, ఆయనా తేరుకున్నారు. కొద్ది వారాల అవసరానికి కేర్ హోమ్ మంచిదే. ఈ వ్యాధి ఉన్నవారిని చేర్చేటప్పుడు మాత్రం మాత్రల వేళల గురించి రాతపూర్వకంగా మాట తీసుకోవాలి.

అందుకే మాత్రల డబ్బా, అన్నం పెట్టడం మేం ఎవరికీ వదల్లేదు. మింగడం మందగించినవారికి గడ్డం కాస్త కిందికి దించి, చిన్న చెంచాతో, ఒక ముద్ద పూర్తిగా దిగాకే ఇంకో ముద్ద పెట్టాలి. తొందరపడితే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మాంసకృత్తులు లెవోడోపాను ఒంటపట్టనివ్వవు కాబట్టి పప్పు, పెరుగు ఎక్కువగా రాత్రి భోజనంలోనే పెడతాం. అటెండెంటు రాసే నోట్‌బుక్‌ను, అంటే ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి బిగుసుకున్నారు అన్న వివరాలను, ప్రతి ఉదయం నేనే చదువుతాను. ఆ పేజీలు చూశాకే న్యూరాలజిస్టు రాత్రికి నెమ్మదిగా కరిగే మాత్ర కలిపారు, తెల్లవారుజాము బిగువు చాలావరకు తగ్గింది.

ఖర్చు సంగతి దాచిపెట్టి ఉపయోగం లేదు. డెబ్బై ఏళ్లు దాటినవారందరికీ 2024 అక్టోబరు నుంచి వర్తిస్తున్న ఆయుష్మాన్ భారత్ ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఇస్తుంది, అయితే ఆసుపత్రిలో చేరిన వైద్యానికే. ఇంట్లో అటెండెంటుకు రూపాయి రాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద పిల్లల నుంచి ట్రైబ్యునల్ ఇప్పించగల భృతి నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయలు, అంటే మేమిచ్చే రాత్రి డ్యూటీ జీతంలో సగం కూడా కాదు. మా ఇంట్లో డల్లాస్‌లో ఉన్న అక్క అటెండెంటు జీతం పంపుతుంది, మందులూ పరీక్షలూ నావి. దూరంగా ఉన్నవాళ్లు డబ్బు పంపడాన్ని చిన్నచూపు చూసేవారితో నేను ఏకీభవించను. అక్క పంపే ఆ మొత్తమే నా భార్యకు నిద్రనిస్తోంది.

ఇక సెలవుల విషయం. సంక్రాంతికి ఊరికి వెళ్లని అటెండెంటు ఉండడు, వెళ్లొద్దనడం న్యాయమూ కాదు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి, శ్రీకాకుళం రోడ్డుకు రానూపోనూ టికెట్లు నవంబరు రెండో, మూడో వారాల్లోనే మా ఖర్చుతో నేనే తీస్తాను. తిరిగొచ్చే తేదీ అప్పుడే ఖాయమవుతుంది, విజయవాడలో ఉన్న తమ్ముడు ఆ రాత్రులకు సరిపడా తన సెలవు ముందే పెట్టుకుంటాడు.