జేషెల్: ఓవర్‌లోడింగ్ నేర్చుకునేవాళ్లకు మంచి పలకే, ఒక్క చోట తప్ప

ఒకే పేరుతో, వేర్వేరు పారామీటర్లతో రెండు మెథడ్లు రాసి (ఇదే ఓవర్‌లోడింగ్) ఏది నడుస్తుందో చూడాలంటే జావాలో క్లాసు, మెయిన్, కంపైల్, రన్ అని బోలెడు తతంగం. 2017లో జేడీకే 9తో (జావా ప్రోగ్రాములు రాసుకునే కిట్) వచ్చిన జేషెల్ అనే టూల్‌లో ఆ బెడద లేదు. టెర్మినల్‌లో జేషెల్ అని కొడితే చాలు, రాసిన లైను రాసినట్టే నడుస్తుంది. జేడీకేతోనే వస్తుంది కాబట్టి విడిగా డౌన్‌లోడ్ చేసే పనీ లేదు. కమాండ్ దొరకలేదని విండోస్ మొరాయిస్తే ముందు రెండు చూడండి: ఇంకా జావా 8 మీదే ఉన్నారా, జేడీకే బిన్ ఫోల్డరు పాత్‌లో (కమాండ్ల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేరిందా.

ఇక అసలు పని. ‘చూపు’ అనే మెథడ్ రెండుసార్లు రాయండి (జావా తెలుగు పేర్లనూ ఒప్పుకుంటుంది, కాకపోతే కొన్ని టెర్మినళ్లలో అక్షరాలు చెదురుతాయి). ఒకటి లాంగ్ తీసుకునేది, ఇంకొకటి ఇంటీజర్ (ఇంట్ విలువను ఆబ్జెక్టుగా చుట్టి ఉంచే క్లాసు) తీసుకునేది. రెండూ తమ రకం పేరును స్ట్రింగ్‌గా రిటర్న్ చెయ్యాలి. ఇప్పుడు చూపు(5) కొడితే ఇంటీజరే వస్తుందనుకుంటాం. వచ్చేది లాంగ్! కంపైలర్ మొదటి విడతలో బాక్సింగ్ (ఇంట్‌ను ఇంటీజర్‌లో చుట్టడం) జోలికే పోదు. ఇంట్ విలువ లాంగ్‌లో ఇట్టే ఇమిడిపోతుంది కాబట్టి అక్కడే తేల్చేస్తుంది. ఆ విడతలో ఏదీ కుదరకపోతేనే బాక్సింగ్, అదీ కుదరకపోతే వేరార్గ్స్ (ఎన్ని విలువలైనా తీసుకునే మెథడ్లు). జేషెల్ సొంత కమాండ్లు స్లాష్‌తో మొదలవుతాయి: స్లాష్ లిస్ట్‌లో నంబరు చూసి, స్లాష్ డ్రాప్‌తో లాంగ్ మెథడ్‌ను తీసేసి మళ్లీ పిలవండి: ఈసారి ఇంటీజర్. దానికి తోడుగా స్ట్రింగ్ తీసుకునే ‘చూపు’ కూడా రాసి నల్ (ఏ ఆబ్జెక్టూ లేదనే విలువ) పంపితే, ఏది పిలవాలో తేలడం లేదని ఎర్రర్ వస్తుంది.

ఓవర్‌లోడింగ్‌కు జావాలోనే ఉన్న ఉదాహరణ, విలువను తెరమీద ప్రింట్ చేసే ప్రింట్‌లైన్. సిస్టమ్ డాట్ అవుట్ డాట్ ప్రింట్‌లైన్ అని, ఓపెన్ బ్రాకెట్ కొట్టి ట్యాబ్ నొక్కితే దాని పది రూపాలూ కనిపిస్తాయి. బైట్‌కీ షార్ట్‌కీ వేరే రూపాలు లేవు, అవి ఇంట్‌కే పోతాయి. సింగిల్ కోట్స్‌లో ‘ఎ’ అనే ఇంగ్లిష్ పెద్దక్షరం ఇస్తే అక్షరమే ప్రింటవుతుంది. దానికి 1 కలిపి ఇవ్వండి, 66 వస్తుంది (ఆ అక్షరం కోడు 65). కూడగానే రకం ఇంట్ అయిపోయింది, ఇంట్ రూపం అందుకుంది.

లోపం ఒకటుంది, చిన్నదేం కాదు. రిటర్న్ టైపు ఒక్కటే మారిస్తే ఓవర్‌లోడింగ్ అవుతుందా అనేది ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో పాత ప్రశ్న. కాదు, ఎర్రర్. కానీ జేషెల్‌లో అవే పారామీటర్లతో ఇంట్ బదులు డబుల్ రిటర్న్ చేసేలా రాస్తే ఎర్రర్ ఏదీ ఇవ్వకుండా పాతదాని స్థానంలో కొత్తది పెట్టేస్తుంది. పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, అందుకే కొత్తవాళ్లు తప్పు నేర్చేసుకునే ప్రమాదం. స్లాష్ మెథడ్స్ కొట్టి చూస్తే ఒక్కటే మిగిలి ఉంటుంది. ఇలాంటివి పరీక్షించాలంటే రెండు మెథడ్లనూ ఒక క్లాసు లోపల పెట్టి ఇవ్వండి. అప్పుడు ఆ మెథడ్ ఈ క్లాసులో ముందే ఉందని కంపైలర్ అడ్డుపడుతుంది.

ఆ ఒక్కదానికి ఒక మార్కు తీసేసి 5కి 4. మూసేముందు స్లాష్ సేవ్ పక్కన ఫైలు పేరు ఇవ్వడం మరవకండి, ఎగ్జిట్ కొట్టాక రాసిన మెథడ్లు తర్వాతిసారి వాటంతటవే తిరిగి రావు.