పర్లాకిమిడి రీడింగ్ రూమ్: విత్తనం కొరికిన చప్పుడు కూడా దాచారు

ముందు రేటింగ్ చెప్పేస్తాను: 5కి 4. ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాశాను. మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే మాత్రం మిగతాది చదవకపోయినా ఫరవాలేదు, ఈ వారంలోనే ఒకసారి తీసుకెళ్ళండి.

ఈ రీడింగ్ రూమ్ పేరు రాయొద్దని దాన్ని నడిపే మాస్టారు అడిగారు, అందుకే రాయడం లేదు. పాత పెంకుటింటి ముందు రెండు గదులు, అరుగు మీద ఒక బల్ల, లోపల తెలుగు, ఒడియా పేపర్లు, పోటీ పరీక్షల గైడ్లు, పిల్లల పుస్తకాలు. చూడ్డానికి ఏ ఊళ్ళోనైనా ఉండే రీడింగ్ రూమే. నేను కూడా మొదటిసారి మా అబ్బాయికి నవోదయ గైడ్ కోసమే వెళ్ళాను. అసలు సంగతి లోపలి గదిలో ఉంది. అక్కడ ఒక వాయిస్ రికార్డర్, పాత కంప్యూటర్, ఇనప బీరువా. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి తెలిసిన విద్య ఏదైనా సరే, సేద్యం, మందాకులు, వల అల్లడం, బాలింత పత్యం, ఊరి పేరు వెనక కథ, వాళ్ళ నోటితోనే చెప్పించి, రికార్డు చేసి, రాసి, ఒక కాపీ మీకిచ్చి ఇంకోటి అక్కడ ఉంచుతారు. తర్వాత ఎవరైనా వచ్చి పుస్తకం అడిగినట్టే దాన్ని అడిగి, అక్కడే కూర్చుని వినొచ్చు. సభ్యత్వం ఏడాదికి 100 రూపాయలు. రికార్డింగ్‌కి డబ్బు తీసుకోరు.

మా అమ్మమ్మకి 82. వంశధార ఒడ్డున పుట్టింది, పెళ్ళయ్యాక కూడా సేద్యంలోనే ఉంది, విత్తనం దాచడంలో ఆవిడ చెప్పిందే ఊళ్ళో మాట. చోళ్ళకి ఒక పద్ధతి, కందులకి ఒకటి, చిక్కుడు గింజలకి ఇంకొకటి. ఫోన్లో తీసుకుందామని నేను ఎన్నోసార్లు అనుకున్నాను, అడిగిన ప్రతిసారీ "రేపు సెప్తానులేయే" అనేది. ఫోన్ ముఖం మీద పెట్టి చెప్పమంటే ఎవరు మాత్రం ఏం చెప్తారు, ఇప్పుడు ఆలోచిస్తే తప్పు నాదే అనిపిస్తోంది. మాస్టారు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు వెయ్యలేదు. ఇంటి నుంచి విత్తనాలు తెచ్చుకోమన్నారు. అరుగు మీద చాప వేసి, చేట, కుండ, బూడిద, వేపాకు ముందు పెట్టి, "పెద్దమ్మా, మీరు ఏటా చేసేదే చెయ్యండి, మాట వస్తే మాట్లాడండి, రాకపోతే లేదు" అన్నారు. చేతులు పనిలో పడ్డాక నోరు దానంతటదే కదిలింది.

ఒక కంది గింజ తీసి, ఇంకా గట్టిగా ఉన్న ఎడమ పక్క పళ్ళ మధ్య పెట్టి కొరికింది. టక్కుమని పగిలింది. "ఇదిగో, ఈ సప్పుడొస్తే ఎండినట్టు. మెత్తగా నొక్కుకుపోతే ఇంకో ఎండ కావాల. సప్పుడు రాకండా కుండలో పోసీసినావంటే పురుగు దాకా ఎందుకు, బూజే తినీస్తది." అని రికార్డర్ వైపు చూసి, "ఏటి బాబూ, ఈ కొరికింది కూడా రాసుకుంతారేటి?" అంది. "రాస్తే తెలీదు పెద్దమ్మా, వినిపిస్తాం" అన్నారాయన. ఆ తర్వాత గంటంపావు ఆవిడ ఆగలేదు. పొయ్యి బూడిద జల్లించి, వేడి పూర్తిగా పోయాకే కలపాలని, వేపాకు నీడలో ఆరాలి గానీ ఎండలో కాదని, కుండ మూతికి మట్టీ పేడా కలిపి మెత్తాలని, చిక్కుడు గింజలు మాత్రం ఎండిన సొరబుర్రలో పోసి పొయ్యి పొగ తగిలే చోట వేలాడదియ్యాలని. బూడిద పురుగు ఒంటి మీది పొరని గీరేసి దాన్ని ఎండబెట్టేస్తుందని నేను ఎక్కడో చదివాను, ఆవిడ ఆ మాట అనలేదు, "బూడిదలో పురుగుకి ఊపిరాడదు" అంది. మాస్టారు ఆవిడ మాటే రాశారు. నాది పక్కన వేరే రంగు సిరాతో, నా పేరుతో రాశారు. ఎవరు చెప్పింది వాళ్ళ పేరు కింద ఉండాలట.

తొమ్మిదో రోజుకి పెద్ద అక్షరాల్లో నాలుగు పేజీల ప్రింటు, ఒక మెమరీ కార్డు ఇచ్చారు. ప్రింటులో "సప్పుడు" అని ఆవిడ అన్నది అన్నట్టే ఉంది, దిద్దలేదు. అమ్మమ్మకి చదువు రాదు, అయినా ఆ కాగితాలు ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలో పెట్టుకుంది.

నాకు ఇది ఎందుకంత గొప్పగా అనిపించిందో చెప్పాలంటే ఒక పాత సంగతి చెప్పాలి. ఆరేళ్ళ క్రితం కొంతమంది వచ్చి మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో రెండు రోజులు ఉండి, ముసలివాళ్ళందరి చేతా మందాకుల గురించి చెప్పించుకుని వీడియోలు తీసుకెళ్ళారు. కాపీలు పంపిస్తామన్నారు. ఒక్కటీ రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ చెప్పినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు లేరు, వాళ్ళ గొంతు ఎక్కడో ఎవరి కంప్యూటర్లోనో ఉంది, వాళ్ళ పిల్లల దగ్గర లేదు. అప్పటి నుంచీ నాకు రికార్డింగ్ అంటేనే కోపం. ఈ రీడింగ్ రూమ్‌లో మొదట సంతకం పెట్టించే కాగితం చూశాకే ఆ కోపం తగ్గింది. అందులో అడిగేవి: ఎవరు చెప్పారు, వాళ్ళకి ఎవరు నేర్పారు, ఎవరు వినొచ్చు. మూడోదానికి ఎదురుగా అందరూ, మా ఊరివాళ్ళే, మా ఇంటివాళ్ళే అని మూడు గళ్ళు. ఎప్పుడైనా మనసు మారితే వచ్చి మార్చుకోవచ్చు, తీసెయ్యమంటే తీసేస్తారు.

ఈ ఆలోచన ఎక్కడిదని అడిగితే మాస్టారు, "నాది కాదమ్మా, ఆఫ్రికా లైబ్రరీల వాళ్ళది" అన్నారు. నేను లైబ్రరీ సైన్స్ చదివి ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తున్నాను, నాకు మా కోర్సులో ఆ మాటే ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి రెండు వారాలు అదే పనిగా చదివాను. దక్షిణాఫ్రికాలో డర్బన్ నగర లైబ్రరీలు 2008లో ఉల్వాజీ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. జులూ భాషలో ఆ మాటకి జ్ఞానం అని అర్థం. బయటి నుంచి పరిశోధకులు వచ్చి రాసుకుపోవడం కాకుండా, ఆ పేటల్లోని మనుషులే, ముఖ్యంగా కుర్రాళ్ళు, తమ పెద్దల దగ్గర కూర్చుని కథలూ ఆచారాలూ తీసుకుని, వికీపీడియా లాంటి పద్ధతిలో ఎవరైనా చేర్చగలిగే చోట జులూలోనూ ఇంగ్లీషులోనూ పెట్టారు. లైబ్రరీ అంటే మనకి బయటి నుంచి పుస్తకం వచ్చే చోటు. వాళ్ళు దాన్ని లోపలి నుంచి మాట బయటికి వెళ్ళే చోటుగా కూడా చేశారు. డర్బన్ అంటే మనకేమీ కొత్త ఊరు కాదు. 1860 నుంచి 1911 వరకూ చెరుకు తోటల కూలికి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళలో మన విశాఖపట్నం వైపు తెలుగువాళ్ళు చాలామంది దిగింది ఆ రేవులోనే. వాళ్ళు పట్టుకెళ్ళిన పాటలు, వంటలు, పేర్లు ఎవరు దాచారా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎవరు వినొచ్చు అన్న గడి ఎందుకంత అవసరమో కూడా ఆఫ్రికా సంగతులు చదివాకే తెలిసింది. కలహారి ఎడారిలో సాన్ ప్రజలు దూరం వేటకి వెళ్ళినప్పుడు హూడియా అనే ముళ్ళ మొక్క కాండం నమిలేవారు, ఆకలీ దాహమూ తెలియకుండా ఉండటానికి. దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థే 1990ల్లో దాని మీద పేటెంట్ తీసుకుని, బరువు తగ్గే మందు చేసుకోమని విదేశీ కంపెనీకి హక్కులిచ్చింది. సాన్ వాళ్ళని ఒక్క మాట అడగలేదు. గొడవ జరిగి, చివరికి 2003లో లాభంలో వాటా ఇస్తామని ఒప్పందం రాసుకున్నారు. ఆ దేశం 2019లో ఇలాంటి జ్ఞానాన్ని కాపాడటానికి ప్రత్యేకంగా చట్టమే చేసింది. మన దగ్గర పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయింది, ఇలాంటి పేటెంట్లని ఆపడానికి 2001లో మొదలైన మన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ చాలా మంచి పని చేసింది, అందులో నాకు అనుమానం లేదు, కానీ దాని పునాది ఆయుర్వేదం, యునాని, సిద్ధ గ్రంథాలు. పుస్తకంలో ఎప్పుడూ లేని మా అమ్మమ్మ మాటకి అందులో చోటు ఎక్కడ?

పోయిన నెల నేను అక్కడ ఉండగా గుణుపురం వైపు కొండ మీది ఊరి నుంచి ఒక సవర గిరిజన పెద్దావిడ మనవరాలితో వచ్చింది. ఆవిడ ఇచ్చిన పాట ఒకటి అక్కడ ఉందని తెలిసి నేను వినిపించమని అడిగాను. మాస్టారు కాగితం తీసి చూసి, "వాళ్ళ ఊరి ఆడవాళ్ళకే అని రాసుందమ్మా. నేను కూడా వినలేదు, రికార్డు చేసింది ఆ మనవరాలే" అన్నారు. నాకు ఒక్క క్షణం చివుక్కుమంది గానీ, ఈ ఊళ్ళో నేను చూసిన అన్ని కౌంటర్లలో ఇంత నమ్మకంగా పనిచేసే కౌంటర్ ఇదే. సవర వాళ్ళు దేవతలు వచ్చి ఉండటానికి ఇంటి గోడ మీద ఎర్ర పూత పూసి తెల్ల పిండితో వేసే బొమ్మలు ఇప్పుడు సంచుల మీదా దుపట్టాల మీదా అచ్చవుతున్నాయి, ఆ వేసినవాళ్ళని ఎవరైనా అడిగారా?

నా పని లైబ్రరీలోనే కాబట్టి సర్దడం గురించి కూడా చెప్తాను. మేం కాలేజీలో పుస్తకాలకి అంకెలిచ్చి సర్దడానికి వాడే డ్యూయీ పద్ధతిలో మతాలకి 200 నుంచి 299 వరకూ ఇస్తే అందులో 220 నుంచి 289 దాకా బైబిలూ క్రైస్తవమే, మిగతా ప్రపంచం దేవుళ్ళందరూ 290ల్లో ఇరుక్కోవాలి. సామెతా, పొడుపుకథా, ఊరి కథా అన్నీ కలిపి జానపదం అని 398లో పడేస్తాం. విత్తనం దాచడం గురించి అమ్మమ్మ చెప్పింది ఏ అంకె కింద పెట్టాలి? ఇక్కడ కొండ, పొలం, ఏరు, ఇల్లు అని నాలుగు అరలు, ఒక్కో అరలో నెలల వారీగా సర్దారు. అమ్మమ్మ పొలం అరలో పుష్యమాసం దగ్గర ఉంది. రైతు ఎవరైనా వచ్చి అడిగేది కూడా అలాగే కదా.

ఇక లోటుపాట్లు. సవర భాష రికార్డింగులన్నీ తెలుగు లిపిలో రాస్తున్నారు, నేను ఒక పాయింటు తగ్గించింది ముఖ్యంగా ఇందుకే. మాస్టారికి వచ్చిన లిపి అదే, అర్థమవుతుంది. కానీ ఇది గజపతి జిల్లా, 1936 నుంచీ ఒడిశా, ఆ కొండ ఊళ్ళ పిల్లలు చదివేది ఒడియా బడిలో. వాళ్ళ అవ్వ మాట వాళ్ళే చదవలేకపోతే మనం తిరిగిచ్చినట్టు ఎలా అవుతుంది? అదే 1936లో వాళ్ళకి సొరాంగ్ సొంపెంగ్ అని సొంత లిపి కూడా పుట్టింది. ఈ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, వాళ్ళ కోసం బళ్ళు పెట్టి, 1938 నాటికి నిఘంటువు తెచ్చారు. ఆయన పనిచేసిన ఊళ్ళో ఈ ఒక్క లోటు ఉండకూడదు. ఆ మనవరాలికి ఒడియా బాగా వచ్చు, వారానికి రెండు పూటలు కూర్చోబెట్టి కొంచెం డబ్బులిస్తే చాలు అని నేను మాస్టారితో చెప్పాను. సరేనన్నారు, ఇంకా మొదలవలేదు.

రెండోది, రికార్డింగులన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో, ఆ ఇనప బీరువాలోనే ఉన్నాయి. 2018లో తిత్లీ తుఫాను ఈ జిల్లాని ఏం చేసిందో మనం చూశాం, పెంకుటిల్లు మీద నమ్మకం పెట్టుకోకూడదు. మాలిలోని టింబక్టూలో పాత రాతప్రతులు వేలకి వేలు మిగిలాయంటే అవి ఒక్క చోట కాకుండా ఎన్నో కుటుంబాల ఇళ్ళల్లో ఉండబట్టీ, 2012లో సాయుధులు ఊరిని ఆక్రమించుకున్నప్పుడు వాటిని ఇనప పెట్టెల్లో పెట్టి గుట్టుగా రాజధాని బమాకోకి చేరవేసినవాళ్ళు ఉండబట్టీ. అక్కడి ప్రభుత్వ సంస్థలో మిగిలిపోయినవాటిలో కొన్ని వేలు తర్వాతి జనవరిలో కాలిపోయాయి. కాబట్టి మీకు ఇచ్చే మెమరీ కార్డు పిల్లల ఆటకి ఇవ్వకండి, ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టండి.

చిన్నవి: రికార్డర్ ఒక్కటే, సంత రోజు వెళ్తే గంటల తరబడి కాచుకుని కూర్చోవాలి, మామూలు రోజు సాయంత్రం నాలుగింటికి వెళ్ళండి. సోమవారం సెలవు. కరెంటు పోతే ఫ్యాను ఉండదు, పెద్దవాళ్ళకి విసనకర్ర, మంచినీళ్ళు పట్టుకెళ్ళండి. బాత్రూమ్‌కి రెండు మెట్లు ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి చెయ్యి పట్టుకోవాలి.

వచ్చే గురువారం అమ్మమ్మని మళ్ళీ తీసుకెళ్తున్నాను. ధాన్యానికి పురి కట్టే గడ్డి తాడు పేనడం చెప్తానంది, నిన్నటి నుంచి గడ్డి నీళ్ళు చల్లి పెట్టుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.