ఊదాపూల మాటున చెరువులు

హైదరాబాద్ చెరువులు చూడదలచినవారికి నేను ముందుగా చెప్పేది జూపార్కును ఆనుకుని ఉన్న మీర్ ఆలం చెరువు గురించే. రెండు శతాబ్దాల కిందట, అర్ధవృత్తాకారపు రాతి కమానులు 21 వరుసగా కట్టి నీటిని నిలిపిన ఆ కట్ట ఒక్కటి చూసినా వెళ్లిన శ్రమ ఫలిస్తుంది. అయితే మేము వెళ్లిన ఉదయం ఒడ్డు పొడవునా నీరు కనిపించలేదు, అంతా గుర్రపుడెక్క. పూలు నిజంగా కనువిందు చేశాయి. లేత ఊదారంగు రేకులు ఆరు, పైరేకు మీద నీలిమచ్చ, దాని నడుమ నెమలికన్నులా పసుపు చుక్క. ఒక మొక్కను పైకి లాగి చూస్తే ఉబ్బిన కాడ నిండా గాలి అరలు, కింద మురుగు వాసన వేసే నల్లని వేళ్లు.

దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన ఈ మొక్క అనుకూలమైన చోట రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. అది నీటిని కప్పేస్తే ఎండ లోపలికి దిగదు, ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి, దోమలు పెరుగుతాయి. దానికి మేత మన నాలాలు మోసుకొచ్చే మురుగులోని నత్రజని, భాస్వరాలే. ఒడ్డున కూలీలు కొక్కేలతో లాగి కుప్పలు వేస్తున్నారు, ఎంతో కష్టమైన పని. కానీ విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కనుక, మురుగు ఆగనంత కాలం ఆ కష్టం నిలవదని నాకు గట్టిగా అనిపించింది.

బస విషయానికి వస్తే, చెరువు కనిపించే గది అంటూ ఒక హోటల్ మా దగ్గర అదనంగా వసూలు చేసింది. కిటికీ తెరిస్తే దుర్వాసన, సాయంత్రమైతే దోమలు. మర్నాడే లక్డీకాపూల్‌లోని సాధారణ లాడ్జికి మారాము. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, మెట్రో దగ్గర. అమీర్‌పేటలో రైలు మారితే దుర్గం చెరువు స్టేషన్‌కు నేరుగా చేరవచ్చు. అక్కడ తీగల వంతెన కింద నీరు విశాలంగా కనిపించింది, నడకదారి బాగుంది, పిల్లలతో వెళ్లేవారికి అదే మేలు. పూల కోసం ముచ్చటపడి గుర్రపుడెక్కను ఇంటి తొట్టెలోకి మాత్రం దయచేసి తీసుకెళ్లవద్దు. పారేసిన పిలక ఒక్కటి నాలాలో పడినా మరో చెరువును చేరుతుంది. మీర్ ఆలంతో పాటు జూ కూడా చూడాలనుకుంటే సోమవారం సెలవని గుర్తుంచుకోండి.