డిప్రెషన్ మందు మానడానికి ఏ పద్ధతి మేలు: సగం సగం కోయడమా, శాతం లెక్కన తగ్గించడమా, వేరే మందుకు మారడమా?

ఏళ్ల తరబడి డిప్రెషన్ మందు వాడినవాళ్లు ఇక ఆపుదామనుకుంటే చాలామందికి దొరికే సలహా ఒక్కటే: "రెండు వారాలు సగం మాత్ర వేసుకుని ఆపేయండి." కొందరికి ఇది ఏ ఇబ్బందీ లేకుండా సరిపోతుంది. ఇంకొందరికి రెండో మూడో రోజు నుంచే తల తిరగడం, వికారం, చెమటలు, చిరాకు, కారణం తెలియని ఏడుపు మొదలవుతాయి. కళ్లు పక్కకు తిప్పితే తలలో చిన్న కరెంటు షాక్ కొట్టినట్టుంటుంది. నిద్ర పట్టదు, పడితే పీడకలలు. ఇది మనోబలం లేకపోవడం కాదు. ఏళ్లుగా మందుకు సర్దుకున్న మెదడుకు, మందు లేని స్థితికి తిరిగి సర్దుకునే వ్యవధి చాలక వచ్చే విత్‌డ్రాయల్.

ఎంతమందికి వస్తుంది? 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన విశ్లేషణలో, మందు ఆపినవారిలో సుమారు 31 శాతం మందికి ఏదో ఒక లక్షణం కనిపించింది. మందు లేని ఉత్తి మాత్ర ఆపినవారిలో అది 17 శాతం. అంటే మందు ఆపడం వల్లే ఇబ్బందిపడేవారు ఆరేడుగురిలో ఒకరు. తీవ్రంగా బాధపడేవారు 35 మందిలో ఒకరు. అయితే ఆ అధ్యయనాల్లో చాలావరకు కొద్ది వారాలో నెలలో మందు వాడినవారిపై జరిగినవి. ఐదేళ్లు, పదేళ్లు వాడినవారు ఈ అంకెలు చూసి ధీమా పడకూడదు.

మొదట తేల్చుకోవాల్సింది: ఆపడమా, కొనసాగించడమా?

కొనసాగించడం కూడా ఒక దారే. 2021లో బ్రిటన్‌లో వచ్చిన యాంట్లర్ అధ్యయనంలో చాలాకాలంగా మందు వాడుతూ, ఆపగలిగినంత బాగున్నామనుకున్న 478 మందిని ఏడాదిపాటు గమనించారు. మందు ఆపినవారిలో 56 శాతం మందికి డిప్రెషన్ మళ్లీ వచ్చింది. కొనసాగించినవారిలోనూ 39 శాతం మందికి వచ్చింది. ఈ రెండు అంకెల్నీ కలిపే చదవాలి. మందు వేసుకుంటే రాదని లేదు, ఆపితే వచ్చి తీరుతుందనీ లేదు. జబ్బు ఇప్పటికే రెండు మూడుసార్లు తిరగబెట్టినవారు, ఒకప్పుడు ఆత్మహత్య దాకా వెళ్లినవారు, బైపోలార్ ఉన్నవారు, గర్భంతో ఉన్నవారు ఈ నిర్ణయాన్ని డాక్టరుతో విడిగా కూర్చుని తీసుకోవాలి. ఉద్యోగం మారుతున్నప్పుడు, ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం బాగాలేనప్పుడు, పరీక్షల ముందు మొదలుపెట్టకండి. తగ్గింపు ఒక నెల ఆలస్యమైతే పోయేదేమీ లేదు.

సమాన భాగాలుగా తగ్గించడం, శాతం లెక్కన తగ్గించడం

అసలు తేడా అంతా ఇక్కడుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందును 20 మి.గ్రా. వాడేవారు 20, 15, 10, 5, సున్నా అని దిగితే కాగితం మీద మెట్లన్నీ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. మెదడులో అలా ఉండదు. మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం సెరటోనిన్‌ను వెనక్కి లాక్కునే ట్రాన్స్‌పోర్టర్లను ఈ మందు ఎంతమేర పట్టి ఉంచుతుందో పెట్ స్కాన్‌లతో కొలిచారు. 20 మి.గ్రా. దగ్గర సుమారు 80 శాతం, 9 దగ్గర 70 శాతం, 5.4 దగ్గర 60 శాతం, 3.4 దగ్గర 50 శాతం, 2.3 దగ్గర 40 శాతం, 1.5 దగ్గర 30 శాతం, 0.8 దగ్గర 20 శాతం, 0.4 దగ్గర 10 శాతం.

ఇప్పుడు లెక్క చూడండి. 20 నుంచి 10కి, అంటే సగానికి సగం తగ్గించినా మెదడుకు తెలిసే మార్పు పదిశాతం లోపే. చివరి 5 మి.గ్రా. ఒకేసారి మానేస్తే 60కి దగ్గర్లో ఉన్నది సున్నాకు పడుతుంది. "మొదటి సగం హాయిగా తగ్గింది, చివరి ముక్క ఆపగానే కుప్పకూలాను" అని ఎంతోమంది చెప్పేది ఇందుకే. డాక్టర్లు కూడా తరచూ "2.5 మి.గ్రా. అంటే ఏమీ లేనట్టే, ఆపేయండి" అంటారు. ఆ ఏమీలేని 2.5 మి.గ్రా. 40 శాతానికి పైగా పట్టి ఉంచుతోంది.

శాతం లెక్కన తగ్గించడమంటే ప్రతిసారీ అప్పుడు వాడుతున్న డోసులో ఒకే వంతు తీసేయడం. 25 శాతం చొప్పున అయితే 20 నుంచి 15, తర్వాత 11.25, తర్వాత 8.4, 6.3, 4.7, అలా కిందికి. డోసు చిన్నదయ్యేకొద్దీ మెట్టూ చిన్నదవుతుంది. బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ 2020లో ఇచ్చిన సూచనలు, అక్కడ వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు ఈ దారినే చెబుతున్నాయి.

అయితే శాతం ఎంతన్నది తేలిగ్గా తీసుకోకూడదు. నెలకు 10 శాతం అన్న సలహా బాగా ప్రచారంలో ఉంది. ఆ లెక్కన 20 మి.గ్రా. నుంచి 0.4కి చేరడానికి 37 మెట్లు, అంటే మూడేళ్లు దాటుతుంది. 25 శాతమైతే దాదాపు 14 మెట్లు, సగం చొప్పున అయితే ఆరు. అందరికీ మూడేళ్లు అక్కర్లేదు. ఆరు నెలల లోపు వాడి, ఎప్పుడైనా మాత్ర మరిచిపోయినా ఏమీ అనిపించనివారు సగం చొప్పున, రెండు మూడు వారాలకో మెట్టు దిగి చూడవచ్చు. నాలుగు వారాల లోపే వాడినవారికి ఇంకా తక్కువ సమయం చాలు. ఏళ్లుగా వాడినవారు 25 శాతంతో, మెట్టుకు రెండు నుంచి నాలుగు వారాలతో మొదలుపెట్టడం మంచిది. ఇదివరకు ఆపబోయి దెబ్బతిన్నవారికి, ఒక్కరోజు మాత్ర తప్పితేనే తల తిరిగేవారికి మాత్రం 10 శాతమే సరైనది. మొదటి మెట్టే మీకు పరీక్ష. అది ఎలా గడిచిందో చూసి తర్వాతి మెట్టు నిర్ణయించుకోండి. ముందే పూర్తి క్యాలెండరు వేసుకుని దానికి శరీరాన్ని లొంగదీయకండి.

రోజు విడిచి రోజు వేసుకోవడం

ఇది ఎంచుకోదగ్గ పద్ధతి కానేకాదు, అయినా ఇప్పటికీ చీటీల మీద కనిపిస్తోంది. పారాక్సెటిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 21 గంటలు పడుతుంది. 48 గంటలకోసారి వేసుకుంటే మందు స్థాయి సుమారు ఐదో వంతుకు పడి, మళ్లీ ఎగుస్తుంది. అంటే విత్‌డ్రాయల్‌ను తగ్గించాల్సింది పోయి రోజు మార్చి రోజు తెచ్చిపెడుతుంది. వెన్లాఫాక్సిన్ అయితే ఇంకా ఘోరం. అది ఐదు గంటల్లో, దాని నుంచి ఒంట్లో తయారయ్యే క్రియాశీల పదార్థం 11 గంటల్లో సగమవుతాయి. రోజులపాటు ఒంట్లో నిలిచే ఫ్లూఆక్సెటిన్‌కు మాత్రమే ఇది కొంతవరకు చెల్లుతుంది.

చిన్న డోసు తీసేదెలా: కోయడమా, సిరపా, గుళికలు లెక్కించడమా?

మాత్రలు ఉన్నదే పెద్ద సైజుల్లో, మరి 1.5 మి.గ్రా. ఎక్కడి నుంచి తేవాలి? నా మొదటి ఓటు కంపెనీ తయారుచేసిన ద్రవరూపానికే. ఎసిటాలోప్రామ్ ద్రావణం 5 మి.లీ.లో 5 మి.గ్రా. బలంతో దొరికితే లెక్క చాలా సులువు, 1 మి.లీ. అంటే 1 మి.గ్రా. సూది లేని 1 మి.లీ. సిరంజి మీద 0.01 గీతలుంటాయి కాబట్టి 0.4 మి.గ్రా. కూడా తేలిగ్గా తీయవచ్చు. సీసాలో సిరంజి పెట్టి లాగాక మొనను పైకి పట్టుకుని, బుడగలు పైకి చేరేలా వేలితో తట్టి, గాలి బయటికి తోసి, అప్పుడు గీత చూడాలి. చెంచాతో కొలవకండి.

సీసా మారితే బలం మారుతుంది, జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. అదే ఎసిటాలోప్రామ్ చుక్కల మందుగా 1 మి.లీ.లో 20 మి.గ్రా. కూడా వస్తుంది. అందులో ఒక్క చుక్కే 1 మి.గ్రా. పాత సీసా అలవాటుతో కొత్తదాంట్లోంచి 5 మి.లీ. తీస్తే 100 మి.గ్రా. అవుతుంది. సిటాలోప్రామ్ చుక్కలకు ఇంకో మెలిక ఉంది: చుక్కల్లో 8 మి.గ్రా. మాత్రలో 10 మి.గ్రా.కు సమానం. కాబట్టి మాత్ర నుంచి ద్రవానికి మారిన రోజే డోసు కూడా తగ్గించకండి. ముందు సమానమైన డోసులో ఒకటి రెండు వారాలు ఉండి, ఆ తర్వాత దిగండి. సెర్ట్రలిన్ గాఢద్రావణాన్ని వేసుకునే ముందు పలచన చేసుకోవాలి, చేసినది వెంటనే తాగేయాలి.

మాత్ర కోసే చిన్న పరికరంతో సగం, పావు వరకు పర్వాలేదు. పావు ముక్కలు ఎప్పుడూ సమానంగా తెగవు. అందుకని ఒక మాత్ర కోస్తే ఆ ముక్కలన్నీ వరుసగా వాడేయండి, నాలుగు రోజుల సగటు సరిపోతుంది. పావు దాటాక కోయడం జూదమే. నిదానంగా విడుదలయ్యే మాత్రల్ని కోయనే కూడదు. పారాక్సెటిన్ సీఆర్, డెస్‌వెన్లాఫాక్సిన్ వంటివి కోస్తే రోజంతా విడుదల కావాల్సిన మందు తొందరగా బయటపడుతుంది.

వెన్లాఫాక్సిన్, డులోక్సెటిన్ క్యాప్సూళ్లలో చిన్న గుళికలుంటాయి. క్యాప్సూల్‌ను తెల్ల కాగితం మీద తెరిచి, గుళికలు లెక్కపెట్టి, పదింట ఒకటి తీసేసి మిగతావి తిరిగి నింపితే 10 శాతం తగ్గినట్టు. కంపెనీ కంపెనీకి గుళికల సంఖ్య మారుతుంది, కాబట్టి మధ్యలో కంపెనీ మార్చకండి. కొన్ని రకాల్లో గుళికలకు బదులు రెండు మూడు బుల్లి మాత్రలే ఉంటాయి, అవి ఈ పనికి రావు. గుళికల్ని నలగ్గొట్టకూడదు, నమలకూడదు. డులోక్సెటిన్ మీది పొర పోతే కడుపులోని ఆమ్లం మందును పాడుచేస్తుంది.

నెదర్లాండ్స్‌లో రోజుకో చిన్న సంచీ చొప్పున, డోసు కొంచెం కొంచెంగా తగ్గేలా 28 రోజుల స్ట్రిప్‌లు తయారుచేస్తున్నారు. అలాంటివి అందుబాటులో ఉంటే ఈ కొలతల బాధ ఉండదు.

ఫ్లూఆక్సెటిన్‌కు మారి ఆపడం

పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ దిగలేక ఇరుక్కుపోయినవారికి డాక్టర్లు చెప్పే దారి ఇది. ఫ్లూఆక్సెటిన్ కొన్నాళ్లు వాడాక సగమవడానికి నాలుగు నుంచి ఆరు రోజులు, దాని నుంచి ఏర్పడే నార్‌ఫ్లూఆక్సెటిన్‌కు రెండు వారాల దాకా పడుతుంది. అందుకని ఆపినా మందు దానంతటదే మెల్లగా తగ్గుతుంది. ద్రవంగానూ దొరుకుతుంది.

కానీ ఇది నేరుగా తగ్గించడం కంటే సులువైన దారేమీ కాదు, చిక్కులు వేరు. ఫ్లూఆక్సెటిన్ పూర్తి స్థాయికి చేరడానికి వారాలు పడుతుంది కాబట్టి పాతదాన్ని ఒక్కసారిగా ఆపితే మధ్యలో విత్‌డ్రాయల్ వస్తుంది. రెండూ కలిపి వాడితే పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్, డులోక్సెటిన్‌లను కాలేయం అరిగించే దారిని ఫ్లూఆక్సెటిన్ అడ్డుకుని వాటి మోతాదును ఒంట్లో పెంచుతుంది. జ్వరం, వణుకు, కాళ్ల కండరాలు అదరడం, విరేచనాలు, గందరగోళం కనిపిస్తే సెరటోనిన్ మితిమీరిందేమోనని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రొమ్ము క్యాన్సర్ మందు టామోక్సిఫెన్ వాడేవారికి ఫ్లూఆక్సెటిన్ తగదు. పెద్ద డోసు వెన్లాఫాక్సిన్ మెదడులోని ఇంకో రసాయనం నార్‌ఎపినెఫ్రిన్ మీద చేసే పనిని ఇది భర్తీ చేయదు. దీని విత్‌డ్రాయల్ కూడా ఆలస్యంగా, ఆపిన కొన్ని వారాలకు వస్తుంది. అప్పటికి "హమ్మయ్య" అనుకున్నవారు దాన్ని జబ్బు తిరగబెట్టిందని పొరబడతారు. అందుకే నేరుగా శాతం లెక్కన తగ్గించి చూసి, అది కుదరనప్పుడే ఇటు రావాలి. మారడాన్ని డాక్టరు పర్యవేక్షణలోనే చేయాలి.

లక్షణాలు వచ్చాయి: అక్కడే ఆగడమా, వెనక్కి వెళ్లడమా?

ముందు అది విత్‌డ్రాయలా, జబ్బా అన్నది తేల్చాలి. డోసు తగ్గించిన కొద్ది రోజుల్లో, తలలో షాక్‌లు, తల తిరగడం, వికారం లాంటి ఒంటి బాధలతో కలిసి వస్తే విత్‌డ్రాయల్ అనుకోవచ్చు. పాత డోసు వేసుకుంటే సాధారణంగా రెండు మూడు రోజుల్లో తేలిక పడుతుంది. జబ్బు తిరగబెట్టడం వారాల మీద, నెలల మీద మెల్లగా జరుగుతుంది, మందు మళ్లీ మొదలుపెట్టినా వారాలకు గానీ తగ్గదు. రోజూ నిద్ర, తల తిరగడం, ఆందోళన, మనసు బరువు అనే నాలుగింటికి సున్నా నుంచి పది వరకు అంకె వేసి డోసు పక్కన రాసుకుంటే డాక్టరుకు చెప్పడం తేలికవుతుంది. అంకెలు లేకుండా నెల కిందటి బాధ ఎవరికీ సరిగా గుర్తుండదు.

పనులు చేసుకోగలిగేంత బాధ అయితే అదే డోసులో రెండు నుంచి నాలుగు వారాలు ఆగండి, చాలావరకు సర్దుకుంటుంది. నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే ఒక మెట్టు వెనక్కి, బాగున్న చివరి డోసుకు వెళ్లండి. పూర్తి పాత డోసుకు ఎగబాకనక్కర్లేదు. నిలదొక్కుకున్నాక ముందుకంటే సగం మెట్టుతో దిగండి. కూర్చోనివ్వని, నిలబడనివ్వని లోపలి అలజడి వచ్చినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆగి చూడటం వద్దు. ఆ రోజే డాక్టరును లేదా అత్యవసర విభాగాన్ని కలవాలి, ఒంటరిగా ఉండకూడదు.

ఈ బాధలకు మద్యం, నిద్రమాత్రలు సొంతంగా వాడొద్దు. సెయింట్ జాన్స్ వోర్ట్, 5-హెచ్‌టీపీ లాంటి "సహజ" మందులు సెరటోనిన్‌ను ఇంకో దారిలో పెంచుతాయి, తగ్గింపు మధ్యలో వీటిని కలపడం ప్రమాదం. తల తిరుగుతున్న రోజుల్లో బండి నడపకండి.

చివరి మెట్టు

ఎక్కడి నుంచి సున్నాకు దిగాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. సిటాలోప్రామ్‌కు 0.4 మి.గ్రా. దగ్గర, ఎసిటాలోప్రామ్‌కు దాదాపు అందులో సగం దగ్గర ఆపితే ఆ చివరి మెట్టు అంతకుముందు మెట్ల ఎత్తులోనే ఉంటుంది. పూర్తిగా ఆపాక మొదటి నెలలో ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలల దాకా అప్పుడప్పుడు డాక్టరును కలిసేలా చివరి డోసుకు ముందే అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. ఇంట్లో ఒకరికి మీ పాత జబ్బు మొదట ఎలా మొదలైందో, ముందుగా ఏ గుర్తులు కనిపించాయో చెప్పి ఉంచండి. అవి మీకంటే ముందు వాళ్లకే కనిపిస్తాయి.