పుంగనూరు గుట్టల నడుమ అమ్మకానికి ఉన్న సేంద్రియ పాడి క్షేత్రం: రెండు పూటల పరిశీలన

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా పలమనేరు వెళ్ళే దారికి కొంత లోపల, గుట్టల నడుమ 9 ఎకరాల సేంద్రియ పాడి క్షేత్రం అమ్మకానికి ఉందని తెలిసి, కొనే ఉద్దేశంతోనే వెళ్ళి రెండు పూటల పాలు పితికేదాకా ఉండి వచ్చాను. పశువులతో, పనివారితో సహా నడుస్తున్న డెయిరీని అప్పగిస్తామనీ, చేరిన రోజు నుంచే రాబడి ఉంటుందనీ యజమాని చెబుతున్నారు.

ముందుగా నేల సంగతి. ఎత్తుపల్లాల భూమి అయినందున వాలుకు అడ్డంగా గట్లు పోసి, వాటిపై అవిసె, సుబాబుల్ పెంచి, జారిన వాననీరంతా కింది కుంటలో నిలిచేలా చేశారు. కొట్టంలో గచ్చు గరుకుగా ఉండి ఆవుల కాళ్ళు జారవు. మూత్రం కాలువ గుండా తొట్టిలో చేరి, అక్కడి నుంచి సూపర్ నేపియర్ అనే పశుగ్రాసం మడికి పారుతుంది. ఆ మడిలో మట్టి తవ్వి చూస్తే వానపాములు కనిపించాయి. ఈ పనితనానికి ఎంత ధర చెప్పినా నాకు ఎక్కువనిపించలేదు.

పశువుల లెక్క దగ్గరే చిక్కు వచ్చింది. ప్రకటనలో 24 పశువులని ఉంది. వాటిలో పాలిచ్చేవి 11 జెర్సీ సంకర ఆవులు మాత్రమే. చూడివి 4, పెయ్యలు 5 కాగా, తక్కినవి వాకిట్లో కట్టేసిన 4 పుంగనూరు ఆవులు. మీటరు ఎత్తు కూడా లేని ఆ ఆవులు ఎంత ముద్దుగా ఉన్నా, వచ్చినవారు ఫొటోలు దిగడానికే తప్ప పాల లెక్కలోకి రావడం లేదు. దగ్గరుండి కొలిపిస్తే ఉదయం 58, సాయంత్రం 41 లీటర్లు వచ్చాయి. చెప్పింది రోజుకు 150. పాల కేంద్రం ఇచ్చే వెన్న శాతం చీటీలు అడిగితే ఒక్క నెలవే చూపించారు.

దాణా గదిలోని వేరుశనగ చెక్క, తవుడు, మొక్కజొన్న పిండి సంచులన్నీ బజారు సరుకే. పొలానికి యూరియా వేయనంత మాత్రాన పాలు సేంద్రియం కావు. ఆవు తినే దాణా కూడా సేంద్రియమై ఉండాలి. పాలు పితికే మనిషి ఒక ఆవును చూపించి, "పోయిన ఈతలో పూటకు ఆరు లీటర్లు ఇచ్చింది సార్, ఈసారి పొదుగువాపు వచ్చి ఒక చన్ను ఎండిపోయింది" అన్నాడు. డాక్టరు యాంటిబయాటిక్ సూది వేశారట. వేయించడం తప్పు కాదు, వేయించకపోతేనే తప్పు. అయితే ఆ రోజుల్లో దాని పాలను వేరుగా తీశారా అన్న ప్రశ్నకు జవాబు చెప్పే పుస్తకమేదీ అక్కడ లేదు. అంత పెద్ద క్షేత్రంలో నిజం చెప్పింది అతడొక్కడే. కొంటే మొదట నిలుపుకోవలసిన మనిషి అతడే.

గోడకు కట్టిన సేంద్రియ ధ్రువపత్రం యజమాని పేరున ఉంది. భూమితో పాటు అది చేతులు మారదు. కొన్నవారు తమ పేరున దరఖాస్తు చేసుకుని, తనిఖీలకు నిలబడాలి. అందువల్ల దాని పేరు చెప్పి ధరలో కలిపిన మొత్తాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

కాగితాల్లో మరొక మెలిక ఉంది. పైవాలులోని 2 ఎకరాలు డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించిన (అసైన్డ్) భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, ఆ తర్వాతి సవరణలు అటువంటి భూమిని ఎవరు, ఎప్పుడు అమ్మవచ్చో నిర్ణయిస్తాయి గనుక, సాగు వివరాల అడంగల్, యాజమాన్యం చూపే 1బీ, పాత లావాదేవీలు చూపే ఈసీలతో పాటు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో చూడకుండా బయానా ఇవ్వకూడదు.

పట్టా ఉన్న 7 ఎకరాలకు అడిగిన ధర ఇస్తానన్నాను. మందకు గుత్తగా కాకుండా ఒక్కొక్క ఆవుకు ఈత, చూడి, పొదుగు చూసి వెల కడతాననీ, పుంగనూరు ఆవులను వారే ఉంచుకోవచ్చనీ చెప్పాను. ఆలోచించి చెబుతామన్నారు.